ఝామాగడ్ తలుపు

నూకయ్య మొదటి అబద్ధం అరవై మూడో ఏట ఆడాడు. అంతకుముందు ఎప్పుడూ ఆడలేదని ఆయన చెప్పుకోలేదు, ఆయన నిజాల వల్ల దెబ్బతిన్నవాళ్ళు చెప్పేవారు.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళు ఆయన పని బోగీలకి తలుపులు బిగించడం. ఒకసారి ఆయన బిగించిన తలుపు యార్డు దాటకముందే ఊడిపడింది. ఎంక్వయిరీలో తోటివాళ్ళంతా ఇనుము నాసిరకమని చెప్పి ఆయన్ని గట్టెక్కిద్దామనుకున్నారు. నూకయ్య లేచి, "ఇనుము మంచిదే సార్. బోల్టు నానే సరిగ్గా బిగించనేదు" అన్నాడు. ప్రమోషన్ మూడేళ్ళు వెనక్కి పోయింది. కూతురు మౌనికకి మొదటి సంబంధం వచ్చినప్పుడు పెళ్ళివారు మర్యాదకి, "అమ్మాయి నెమ్మదస్తురాలే కదండీ" అన్నారు. "నెమ్మదేటి బావూ, కోపమొస్తే గిన్నెలిసిరేస్తాది" అన్నాడు నూకయ్య. పెళ్ళివారు టీ సగంలో వదిలేసి లేచారు. ఆ సాయంత్రం ఆయన భార్య దాలమ్మ ఒక గిన్నె విసిరింది. కూతురిది ఎవరి పోలికో అప్పుడు తెలిసింది.

అదే వర్క్‌షాపులో పక్క బల్ల ఏలియాది. ఇద్దరూ ఒకే ఏడాది చేరారు, ఒకే ఏడాది రిటైరయ్యారు, ఊళ్ళోనే ఝపటాపూర్‌లో ఒకే సందులో ఇళ్ళు కట్టుకున్నారు. ఆదివారం పొద్దున్న చర్చిలో ఎంత భక్తిగా కూర్చునేవాడో, వారంలో మిగతా రోజులు అంత భక్తిగా కోతలు కోసేవాడు ఏలియా. టైమాఫీసులో చిరుతపులి పడుకున్న కథ, ఇంజను దానంతటదే మేదినీపూర్ దాకా పోయి తిరిగొచ్చిన కథ, వందసార్లు చెప్పినా వందసార్లూ జనం భోజనం డబ్బాలు మూసి వినేవారు. నూకయ్య మాత్రం ఒకటే ప్రశ్న వేసేవాడు. "పులి పడుకుంటే మరి హాజరెవరేసినారు?"

రిటైరయిన మూడో ఏడు ఏలియా గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఎంత కష్టపడినా గుసగుస తప్ప రాదు. అప్పటినుంచి పులి కథ చెప్పేవాడు లేక ఝపటాపూర్ సందు బోసిపోయింది. నూకయ్యే రోజూ వెళ్ళి ఆయన పక్కన కూర్చునేవాడు. చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. నిజాలు తొందరగా అయిపోతాయి.

ఆ జనవరిలో రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లోని తెలుగు బడి పిల్లల్ని టీచర్లు పిక్నిక్‌కి తీసుకెళ్ళారు. మౌనిక ఆ బడిలోనే టీచరు. వండడానికీ, మోయడానికీ పెద్దవాళ్ళు కావాలని తండ్రినీ, కాస్త గాలి తగులుతుందని ఏలియానీ బస్సెక్కించింది. వెళ్ళింది ఝామాగడ్‌కి. గంటన్నర ప్రయాణం, ఒడిశా సరిహద్దు వైపు. చిల్లులు చిల్లులుగా ఉండే ఎర్రటి ఝామా రాయితో కట్టిన పాతకాలపు కోట. పైకప్పులు కూలిపోయాయి. చుట్టూ గోడ, లోపల సగం విరిగిన స్తంభాల వరస, తూర్పున తలుపుల్లేని పెద్ద గుమ్మం మిగిలాయి. ఒరియా రాజు కట్టాడని కొందరు, మరాఠా గుర్రపు దండు పడగొట్టిందని కొందరు, ఒక ఫకీరు శపించాడని కొందరు అంటారు. వివరాలు రాసిన బోర్డు మీద ఎండకి అక్షరాలు పోయి, బాణం గుర్తొకటే మిగిలింది. అది మరుగుదొడ్డి వైపు చూపిస్తుంది.

భోజనాలయ్యాక పిల్లలు గుమ్మం దగ్గర ఏలియా చుట్టూ మూగారు. వాళ్ళలో సగంమందికి ఆయన కథలు ఇళ్ళల్లో విని తెలుసు. "తాతా, ఈ కోట కథ సెప్పు!" అన్నారు. ఏలియా నోరు తెరిచాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. ఒక చిన్నపిల్ల నవ్వింది. పక్కదానికి భయమేసింది. ఏలియా తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటూ నూకయ్య వైపు చూశాడు.

నలభై ఏళ్ళ స్నేహంలో ఆయన అలా చూడటం నూకయ్య ఎరగడు.

అప్పటికి అరగంటనుంచీ నూకయ్య ఆ గుమ్మాన్నే పరిశీలిస్తున్నాడు. తలుపు తిరగడానికి కింద రాతిలో ఒక గుంట, పైన రాతిలో ఒక గుంట తొలిచి ఉన్నాయి. రెండూ ఒకే వరసలో లేవు. పైది బెత్తెడు పక్కకి, గుమ్మం మధ్య వైపుకి జరిగి ఉంది. అంటే తలుపు కొంచెం వాలి ఉండేది, తెరిచి వదిలేస్తే దాని బరువుకి అదే మూసుకునేది. పనివాడు కావాలనే అలా చేశాడు. ఎంత తెలివైనవాడో అని లోలోపల మురిసిపోతున్నాడు నూకయ్య. ఆ మురిపెం, ఏలియా చూపు కలిసి ఆయన నోట్లోంచి ఇలా బయటికొచ్చాయి.

"ఈ గుమ్మానికి ఒక తలుపుండేది. దాన్ని మన కళింగపట్నం వైపునించొచ్చిన కమ్మరి సేసినాడు. అబద్ధమాడినోడు గుమ్మంలో అడుగెడితే సాలు, ఆ తలుపు దానంతటదే మూసుకుపోయేది."

పిల్లలు కూర్చున్నారు. ఇక నూకయ్య ఆగలేకపోయాడు. రాజు మంత్రుల్ని ఒక్కొక్కరినే గుమ్మం దాటమన్నాడు. ఒక్కడూ లోపలికి రాలేకపోయాడు. వంటవాళ్ళు, వైద్యులు, పురోహితులు, అందరూ బయటే ఉండిపోయారు. చివరికి రాజు యుద్ధానికి వెళ్ళి, ఓడిపోయి, గెలిచానని చాటించుకుంటూ తిరిగొచ్చాడు. తలుపు ఆయన మొహం మీదే మూసుకుంది. లోపల తెరవడానికి ఎవరూ లేరు. కోట అలా పాడుపడింది.

ఏలియా భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని నూకయ్య కంగారుపడ్డాడు. నవ్వుతున్నాడు. దగ్గరికి లాగి చెవిలో గుసగుసగా అన్నాడు: "నలభై ఏళ్ళు ఎక్కడ దాసినావురా దీన్ని?"

బస్సు డ్రైవరు బెంగాలీ. పిల్లలు అంత మెదలకుండా ఏం విన్నారని అడిగితే, నూకయ్య కోట బయట టీకొట్టు దగ్గర మొత్తం కథ మళ్ళీ బెంగాలీలో చెప్పాల్సొచ్చింది. టీకొట్టు శైలబాలది. అక్కడ అందరూ ఆమెని 'పిసీ' అంటారు, మేనత్త అని. ఎనభై దాటిన ఆ ముసలమ్మ టీ తిప్పుతూ వింటోంది. వింటోందని నూకయ్య గమనించలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ కథకి కాళ్ళొచ్చాయి. పెళ్ళి కుదిరిన జంటలు వచ్చి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుమ్మం దాటి ఫోటోలు తీసుకునేవారు. ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్ నుంచి కాలేజీ పిల్లలు మోటారుసైకిళ్ళ మీద వచ్చి, పరీక్షలో కాపీ కొట్టలేదని ప్రమాణాలు చేసుకునేవారు. ఊరి కుర్రాళ్ళు కమిటీ కట్టి కొత్త బోర్డు రాయించారు: 'సత్య ద్వారం.' ఈసారి బాణం గుమ్మం వైపే చూపించింది.

మరుసటి చలికాలం కోట దగ్గర మేళా పెట్టి, కథ తెలిసిన పెద్దాయన అని నూకయ్యని పిలిచి శాలువా కప్పారు. ఆయనకి రాత్రులు నిద్రపట్టక అప్పటికే నెల దాటింది. మైకు పట్టుకుని బెంగాలీలో ఒకే ముక్క చెప్పాడు. "ఈ కథ నిజం కాదు. పిల్లల కోసం నేనే అల్లాను. క్షమించండి."

వెంటనే చప్పట్లు మోగాయి. ఆయన నిలబడింది గుమ్మం కిందే. అక్కడ నిలబడి తన గొప్ప తానే కాదన్నాడంటే ఎంత వినయం! కమిటీ కుర్రాడు రెండో శాలువా తెచ్చి కప్పాడు.

జానపద కథలు సేకరించే అనిందిత అనే ఆవిడ కలకత్తా నుంచి వచ్చి ముందు వరసలో కూర్చుంది. నూకయ్య ఆవిడనైనా ఒప్పిద్దామని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాడు. దారానికి రాయి కట్టి, పైనుంచి వేలాడదీసి, పై గుంట ఎంత పక్కకి ఉందో చూపించాడు. "ఇదొక్కటే నిజం దీదీ. ఇది రాసుకోండి. ఆ పనివాడు మామూలోడు కాదు" అన్నాడు. ఆవిడ మర్యాదగా తలూపి, "ఈ కథ మీరు అల్లారంటున్నారు. కాని శైలబాలగారు అరవై ఏళ్ళ కిందట వాళ్ళ అత్తగారి నోట విన్నారట" అంది.

నూకయ్య టీకొట్టు వైపు తిరిగాడు. శైలబాల గంభీరంగా తలూపింది.

ఇంటికొచ్చి దాలమ్మకి చెప్పాడు. "నాను సెప్పక ముందే ఈ కథ ఆ టీకొట్టావిడ ఇన్నాదంట."

"అయితే నీది కాదు కదేటి. మరింకేటి, పడుకో" అంది దాలమ్మ. ఆ రాత్రి ఆయనకి నిజంగానే నిద్రపట్టింది. తెల్లారాక ఆలోచిస్తే ఆ నిద్రే మరీ భయపెట్టింది.

ఆ తర్వాత ఆదివారాలు, చర్చి అయ్యాక ఏలియాని బస్సెక్కించుకుని ఝామాగడ్ వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. తను వదిలిన పశువు ఎవరి చేలో పడుతుందోనని కాపలా కాసే మనిషిలా ఉండేది ఆయన వరస. ఫాల్గుణంలో ఒక ఆదివారం వెళ్ళేసరికి గుమ్మం ముందు ఊరు ఊరంతా ఉంది. మధ్యలో ఝూమా అనే ఇరవై ఏళ్ళ కోడలు. అత్తగారి వెండి గొలుసు పోయింది. కోడలు పుట్టింటికి పంపేసిందని అత్తగారి అనుమానం. తియ్యలేదని ఆ పిల్ల మూడు రోజులుగా చెబుతోంది. అయితే గుమ్మం దాటి చూపించమంటోంది అత్తగారు. ఝూమా కాళ్ళు కదలడం లేదు. "చూశారా, తలుపు ఆపేస్తోంది" అని ఎవరో అన్నారు. ఆమె మొగుడు తల దించుకుని నిలబడ్డాడు.

నూకయ్య జనాన్ని తోసుకుంటూ వెళ్ళాడు. "ఆగండి! ఇక్కడ తలుపూ లేదు, మహిమా లేదు. ఆ పిల్లకి భయమేసి కాళ్ళు రావడం లేదు, అంతే. ఈ కథ అల్లింది నేను!"

"మేళాలో కూడా ఇలాగే అన్నారు కదా మిస్త్రీ" అన్నాడు కమిటీ కుర్రాడు ప్రేమగా, ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకి తప్పిస్తూ. "మీ పెద్దమనసు మాకు తెలుసు."

నూకయ్య మళ్ళీ చెప్పాడు. అమ్మ మీద ఒట్టేశాడు. మళ్ళీ మళ్ళీ చెప్పిన కొద్దీ ఆయన మాట జనానికి స్తోత్రంలా వినిపించింది. అత్తగారు కోడలి భుజం మీద చెయ్యి వేసి ముందుకి నెట్టింది. అప్పుడు ఏలియా వెనకనుంచి ఆయన చొక్కా పట్టి గుంజి, ఉన్న గొంతంతా పోగుచేసి చెవిలో అన్నాడు:

"ఒరే నూకా, నిజం సెప్పి సెడగొట్టకు. అబద్ధమాడు."

నూకయ్య కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. జనం వైపు తిరిగాడు.

"సరే, మీకు సగం కథే తెలుసు" అన్నాడు. "కమ్మరి తలుపు అప్పగించేటప్పుడు రాజుకి ఒక షరతు పెట్టాడు. ఎవరైనా ఒక మనిషిని పరీక్షకి తీసుకొస్తే, తీసుకొచ్చినవాళ్ళు ముందు దాటాలి. ఆ మనిషి తప్పు చేయడం వాళ్ళు కళ్ళారా చూసి ఉండాలి. చూడకుండా, అనుకుని తీసుకొస్తే, తలుపు వాళ్ళ మీదే పడుతుంది. రాజు ముందు తను దాటకుండానే అందర్నీ పరీక్షించాడు. అందుకే చివరికి ఆయన గతి అలా అయింది."

జనం అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ గుమ్మం వైపు చూసింది. అక్కడ తలుపు లేదు. ఎర్రరాయి, దాని వెనక ఎండ, మేస్తున్న రెండు మేకలు ఉన్నాయి. ఆవిడ అటే చాలాసేపు చూసి, ఝూమా భుజం మీది చెయ్యి తీసేసింది.

"ఇది ఎక్కడా వినలేదే" అన్నాడు కమిటీ కుర్రాడు అనుమానంగా.

టీకొట్టు బల్ల మీదనుంచి శైలబాల గట్టిగా పలికింది. "నువ్వెందుకు వింటావు? మా అత్తగారు ఇలాగే చెప్పేది. ముందు తెచ్చినవాళ్ళే దాటాలి."

దాంతో అయిపోయింది. అత్తగారికి మోకాళ్ళ నొప్పి గుర్తొచ్చింది, ఆ రోజు తిథి బాగాలేదని కూడా గుర్తొచ్చింది. జనం చెదిరిపోయారు. ఝూమా మొగుడు ఆలస్యంగానైనా పెళ్ళాం పక్కకి వచ్చి నిలబడ్డాడు. వెండి గొలుసు ఏమైందో ఈ రోజుకీ ఎవరికీ తెలీదు.

ఆ తర్వాత గుమ్మం దగ్గరికి ఎవరూ ఎవర్నీ లాక్కురాలేదు. తెచ్చేవాళ్ళు ముందు దాటాలన్న మాట చుట్టుపక్కల పది ఊళ్ళకి పాకింది. అనిందిత వ్యాసం అచ్చయింది. నూకయ్యకి ఒక ప్రతి పంపింది. ఝామాగడ్ కథకి అతి ప్రాచీనమైన రెండు పాఠాలున్నాయనీ, షరతు ఉన్న పాఠమే ఇంకా పాతదై ఉండాలనీ రాసింది. పై గుంట, కింద గుంట సంగతి ఎక్కడా లేదు. నూకయ్య మూడుసార్లు వెతికించి చూశాడు.

మౌనిక చదివి వినిపిస్తూ, "నానా, ఇప్పుడు నువ్వు కాదన్నా ఎవరూ నమ్మరు" అని నవ్వింది.

"సెప్పి సూసినాను కదమ్మా" అన్నాడు నూకయ్య.

ఆదివారం ప్రయాణం మాత్రం మానలేదు. ఏలియాకి ఆ టీ నచ్చింది, పిక్నిక్ పిల్లలు కథ అడగడం ఇంకా నచ్చింది. నూకయ్య చెబుతుంటే ఆయన చేతులతో అభినయం పట్టేవాడు. ఈమధ్య ఒక రోజు అలాగే చెబుతున్నాడు, కళింగపట్నం వైపునుంచి కమ్మరి ఒంటరిగా నడుచుకుంటూ వచ్చాడని. శైలబాల గరిటె పక్కన పెట్టి కసిరింది.

"తప్పు చెబుతున్నావు మిస్త్రీ. ఒంటరిగా ఎక్కడొచ్చాడు? వెంట కూతురు లేదూ? కొలిమి ఊదింది ఎవరనుకున్నావు?"

నూకయ్యకి ఆ కూతురి సంగతి తెలియదు. ఏలియా వైపు చూశాడు. ఆయన పెదవి విరిచాడు. నూకయ్య బల్ల మీద సర్దుకుని కూర్చుని, టీగ్లాసు కింద పెట్టి, "తర్వాతేమైంది పిసీ?" అని అడిగాడు.