పూజలో పెట్టిన పదమూడో నంబరు పానా

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది. ఇది జరిగింది... నాకే జరిగింది. ఒక్క ముక్క కల్పించి చెప్పినా రేపటి నుంచి నా చేతులు పనికిరాకుండా పోనీ. మెకానిక్కు అంతకన్నా పెద్ద ఒట్టు లేదు.

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. ఇన్నేళ్ళుగా ఇంజన్లు విప్పుతున్నాను. ఏ చప్పుడుకైనా ఒక కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఆ ఒక్క రాత్రిది మాత్రం ఇంతవరకూ దొరకలేదు.

నా షెడ్డు మడకశిరలో, హిందూపురం రోడ్డు మీద, ఊరు దాటాక ఉంది. అప్పటికి సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. ఆ ఏడు కూడా వానల్లేవు. ఆ రోజు ఆయుధపూజ. పనిముట్లకు సెలవు. పానాలు, సుత్తులు, జాకీ... అన్నీ కడిగి, గోడ పక్కన చెక్కపలక మీద వరసగా పేర్చి, కుంకుమ పెట్టి, మీద ఎర్రగుడ్డ కప్పి దీపం వెలిగించాను. ఇక తెల్లారేదాకా వాటిని ముట్టకూడదు. నాకు పని నేర్పిన గురువు, మా ఉస్తాద్ పద్ధతి అది. ఆయన ముసల్మాను. అయినా ఆ రోజు నాకంటే ముందే కొబ్బరికాయ తెచ్చేవాడు.

రాత్రి ఎనిమిదింటికి షెడ్డు మూస్తుంటే ఒక పాత తెల్ల కారు వచ్చి ఆగింది. టకటకటకటక... ఆ చప్పుడుకే నా పళ్ళు జివ్వుమన్నాయి. ఆయిల్ అందని ఇంజను అరుపు అది. అద్దెకారు తిప్పుకునే తిప్పన్న దిగాడు. నాకు తెలిసినవాడే.

"అన్నా, ఆయిల్ లైటు వెలుగుతాండాది. బండి లాగడంల్యా. నువ్వే దిక్కు."

"ఈ పొద్దు ఏం దినమప్పా? పానా ముట్టేది లేదు. రేపు రాపో."

తిప్పన్న వెనక తలుపు తీశాడు. సీటులో ఆయన కూతురు మంజుల. తొమ్మిదేళ్ళ పిల్ల. పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టు నీలంగా ఉన్నాయి. గుండెలో రంధ్రం. తెల్లారి తొమ్మిదింటికల్లా బెంగుళూరులో ఆపరేషనుకు చేర్చాలి. తల్లి ముందురోజే బస్సులో పోయి ఆస్పత్రిలో కాచుకుని ఉంది.

"రెండేండ్లు తిరిగితే దొరికిన తారీకన్నా. రేపు తప్పితే మళ్ళా ఎప్పుడంటారో. అంతవరకు బిడ్డ ఉంటాదో ఉండదో..."

"ఇంకో కారు దొరకల్యా?"

"అందర్నీ అడిగినా. పండగని తాగి పడుకోనుండారు. బస్సులో కూచునే శక్తి ఈ బిడ్డకి యాడుంది?"

పలక వైపు చూశాను. దండం పెట్టుకుని ఎర్రగుడ్డ తీసేశాను. ఏం చేయమంటారు మరి? మీరైతే ఏం చేసేవాళ్ళు?

పిల్లను షెడ్డులో నులకమంచం మీద పడుకోబెట్టాం. మంచానికీ పూజ పలకకూ మధ్య నాలుగడుగులు. అంతే.

ఇంజను వేడి మీదుండగానే ఆయిల్ దించాను. దిగితే కదా! రాగిసంగటి లాగా ముద్దలు ముద్దలుగా పడింది.

"ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయిందప్పా?"

"గుర్తే లేదన్నా. ఆస్పత్రికీ ఇంటికీ తిరిగేదే సరిపోయింది."

కింది చాంబరు విప్పాను. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి అది. అందులో ఒక గొట్టం, గొట్టం చివర జల్లెడ. అక్కడి నుంచే ఆయిల్ పైకి ఎక్కాలి. ఆ జల్లెడ నిండా మడ్డి... మడ్డిలో కార్బన్ పెచ్చులు. కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, గొట్టాన్ని నోటితో ఊదాను. ఫూ... గాలి సాఫీగా పోయింది. రెండోసారి కూడా ఊదాను. ఇది గుర్తుపెట్టుకోండి, రెండుసార్లు ఊదాను. గొట్టాన్ని మంచం పక్కన పేపరు మీద ఆరబెట్టాను.

అంతలో కరెంటు పోయింది. లాంతరు వెలిగించి నేనూ తిప్పన్నా ఇంజను పైమూత తీశాం. అక్కడా అదే మడ్డి. గోడకు పట్టిన మసిలా కార్బన్. విరిగిన బ్లేడుతో గీకుతూ కూర్చున్నాం. గర్... గర్... గర్. గంటకు పైగానే పట్టింది. మంచం మా వీపుల వెనక ఉంది.

తర్వాత గొట్టం బిగించి, చాంబరు ఎక్కించి, కారు కింద పడుకుని బోల్టులు బిగించడం మొదలుపెట్టాను. పదమూడో నంబరు పానా. నాలుగు బోల్టులయ్యాక పానా నా చెవి పక్కన పెట్టి చెమట తుడుచుకున్నాను. చెయ్యి చాస్తే... లేదు. తడిమాను. లేదు. బయటికొచ్చి చూస్తే పూజ పలక మీద, దాని వరసలో, దాని చోట పడుకుని ఉంది. నేనే మతిమరుపుతో పెట్టానేమో అనుకున్నాను.

పది నిమిషాలకు మళ్ళీ అంతే. ఈసారి తిప్పన్న మీద అరిచాను.

"పరాచికాలకు ఇదా సమయం? పానా ఎందుకు తీసినావు?"

"నేను లాంతరు పట్టుకోనుండాను గదన్నా! నా బిడ్డ పని ఆడ ఆగిపోతాంటే నేనెందుకు తీస్తా?"

నిజమే. నాకు సిగ్గేసింది.

మూడోసారి... తిప్పన్న రేడియేటరుకు నీళ్ళు తేవడానికి బోరింగు దగ్గరికి పోయాడు. దూరంగా బోరింగు చప్పుడు వినిపిస్తోంది. కీచ్... కీచ్... కారు కింద నేనొక్కణ్ణే. మూడు బోల్టులు మిగిలాయి. పానాను లాంతరుకు ఆనించి, అవతలి బోల్టును వేలితో చూసుకోవడానికి ముఖం తిప్పాను.

టింగ్.

చిన్న చప్పుడు. ఇనుము చెక్క మీద ఆనినట్టు... పలక దగ్గర నుంచి.

లాంతరు పక్కన పానా లేదు. కారు కింద పడుకున్నవాడికి ఏం కనిపిస్తుంది? నేల, మంచం కోళ్ళు, మంచం అడుగు. అంతసేపూ మంచం అడుగున నులక ఒకచోట కిందికి దిగి ఉంది, పిల్ల బరువుకు. ఇప్పుడు... దిగి లేదు. సాపుగా ఉంది.

మంచం మీద ఎవరూ లేరు.

నేల మీద పాదాలూ లేవు. ఎటు చూసినా లేవు. "మంజులా..." అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. బోరింగు చప్పుడు ఆగింది. గుడ్డ రాసుకున్నట్టు ఎక్కడో మెత్తగా... ఒక్కసారి.

నుదురు గీసుకుపోతున్నా చూసుకోకుండా బయటికి పాకాను. మంచం మీద పిల్ల ఉంది. మెడదాకా దుప్పటి. కళ్ళు మూసుకుని ఉంది. గుండె దుప్పటిని పైకి తంతోంది. పలక మీద పానా ఉంది. దాని మీద కుంకుమ బొట్టు... తడిగా. పని మొదలుపెట్టేటప్పుడే ఆ పానా మీది కుంకుమను డీజిల్ గుడ్డతో నేనే తుడిచేశాను.

మా ఉస్తాద్ ఒక మాట అనేవాడు: "పనిముట్టు చేతికి రాకుంటే దాన్ని తిట్టొద్దు రా, చేసిన పని చూసుకో." తిప్పన్న నీళ్ళతో వచ్చేసరికి నేను బిగించిన బోల్టులు విప్పుతున్నాను.

"ఏమన్నా ఇది? రెండు దాటింది! మళ్ళా విప్పేదా? నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"మాట్లాడకుండా లాంతరు పట్టు."

ఆయన ఏడుస్తూనే పట్టాడు. చాంబరు దించి, గొట్టం తీసి ఊదాను. గాలి పోలేదు. బుగ్గలు నొప్పెట్టేలా ఊదాను. పోలేదు. తీగ పెట్టి లాగితే వచ్చింది... ఎర్రగుడ్డ పేలిక. వేలెడంత. పూజ గుడ్డ తెచ్చి చూస్తే ఒక మూల చిరిగి ఉంది.

అలాగే బిగించి ఉంటే దారిలో గౌరిబిదనూరు చేరకముందే ఇంజను పట్టేసేది. ఆ చీకట్లో, నడిరోడ్డు మీద, ఆ పిల్లతో.

"బిడ్డ మీద ఒట్టన్నా, నేను పెట్టల్యా."

"తెలుసులేప్పా."

నాలుగింటికి కారు స్టార్టయింది. ఆయిల్ లైటు ఆరిపోయింది. ఇంజను నున్నగా పాడుతోంది. పిల్లను ఎత్తి వెనక సీటులో పడుకోబెట్టాను. కళ్ళు తెరిచింది. ఆ కళ్ళల్లో నిద్ర జాడ లేదు. ఇంజను చప్పుడు కాసేపు విని, నాకొక్కడికే వినపడేలా అడిగింది.

"బాగైపోయిందా మామా?"

"బాగైందమ్మా. ఇంక భయం లేదు."

కళ్ళనిండా నీళ్ళు వచ్చేశాయి. ముఖం సీటు వైపు తిప్పుకుంది. ఇన్నాళ్ళలో ఆపరేషనంటే భయమని ఆ పిల్ల ఒక్కసారి కూడా అనలేదని తిప్పన్న తర్వాత చెప్పాడు. తిప్పన్నను పక్కకు లాగి, మంచం దిగి నడవగలదా అని అడిగాను.

"యాడన్నా! మూడు నెల్లుగా ఎత్తుకోనే తిరుగుతాండాం. ఎందుకు అడిగినావు?"

"ఊరికేలేప్పా" అన్నాను.

ఆపరేషను బాగా జరిగింది. మంజుల ఇప్పుడు అనంతపురంలో కాలేజీ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు షెడ్డు ముందు ఆగి, "బాగుండావా మామా?" అని పలకరించి పోతుంది. ఆ రాత్రి సంగతి అడగాలని ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. అడగలేదు. ఆ గుడ్డ, పానా పని తనే చేశానంటే, అంత చిన్న ప్రాణం ఆపరేషనుకు ఒంటరిగా ఎంత భయపడి ఉంటే అలా లేచి ఉంటుందో... అది నేను వినలేను. చేయలేదంటే... ఆ షెడ్డులో నేను మళ్ళీ ఒక్కణ్ణే పని చేయలేను.