మాస్టారు విన్న ప్రోగ్రాం

మొన్న విశాఖలో ఒక రిపేరు షాపులో ఎవరిదో పాత హార్డ్‌డిస్క్ గరగరమంది. అరిగిపోయిన పళ్ళతో ఎవరో చెరకు నములుతున్నట్టు ఉంది ఆ చప్పుడు. వచ్చిన పని మర్చిపోయి అలాగే నిలబడిపోయాను. చోడవరంలో అప్పలరాజు మాస్టారి కంప్యూటర్ సెంటర్లో డిస్కూ ఇలాగే మోగేది. ఆయన గురించి నేను చాలా కోతలు కోశాను. కళ్ళు మూసుకుని ప్రోగ్రాములు రాస్తారని కూడా చెప్పాను. ఆ ఒక్క కోతా తర్వాత నిజమైంది.

తొంభైల చివర్లో మా సెంటర్లో పెళ్ళికార్డులు, దరఖాస్తులు టైపు చేసేవాళ్ళం. నేను టైపిస్టుని. ఫైలు పేరుకి ఎనిమిది అక్షరాలే చోటు కాబట్టి పెళ్ళికార్డులన్నిటికీ ఒక పేరు, దరఖాస్తులన్నిటికీ ఒక పేరు, పక్కన అంకె. బుచ్చయ్యపేట రైతెవరో వచ్చి నిరుటి దరఖాస్తు మళ్ళీ కావాలంటే ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. మేం వెతికి ఇచ్చేలోపు ఆయన చెరకు గోవాడ ఫ్యాక్టరీకి వెళ్ళి పంచదారై తిరిగొచ్చేదని అందరికీ చెప్పేవాణ్ణి.

మాస్టారు కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలోంచి లినక్స్ అనే ఉచిత సిస్టం ఎక్కించి, వెతికే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టారు. అడిగినప్పుడల్లా ఫైళ్ళన్నీ గాలించే బదులు, మాటలన్నిటికీ ముందే ఒక సూచిక కట్టి పెట్టుకోవాలన్నారు. దానికి నేనూ ఒప్పుకున్నాను. పేచీ ఆ తర్వాత వచ్చింది. ఏ మాట ఏ ఫైల్లో ఉందో రాసుకుంటే సూచిక చిన్నగా ఉంటుంది. ఆయన ఏ లైన్లో ఉందో కూడా రాయాలంటారు.

“ఏ ఫైలో సెప్తే సాల్దేటి మాస్టారూ? తెరిసి సూసుకుంటాం కదా.”

“తెరవక్కర్లేకుండా ఆ లైనే ముందుకొచ్చీయాల్రా రమణా.”

“డిస్కులో సోటేదండీ?”

“నీ కారు రేసు ఆట ఉంది కదా, తీసీ.”

తీసేశారు. కొన్నాళ్ళు ముఖం మాడ్చుకుని తిరిగాను.

మాస్టారు రాసిన కోడంతా ఫ్లాపీల్లో వేసి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచుతుంటే ఉండబట్టలేకపోయాను. “తాళం ఏసి అమ్ముకోవచ్చు కదండీ.”

“రేపు నేనే దాని లోపలికెళ్ళలేకపోతే? సరిసేసీవోడు ఒకడుండొద్దేట్రా.”

ఆ మాటకి అర్థం ఆయన భార్య సత్యవతి గారు చెప్పారు. టీ ఇచ్చి, మాస్టారు బయటికెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించారు. “సుగరు కళ్ళలోకి దిగిపోయింది బాబూ. ఈ ఏటి సెరుకు క్రషింగ్ అయ్యేలోపే సూపు పోద్దన్నారు డాట్రు. ఫైలంతా ఎతకలేరు. ఒక్క లైను పెద్దచ్చరాల్తో వస్తే కనపడతాదని, సెంటర్ నడుపుకోవచ్చని ఆయన ఆశ. నీకు సెప్పొద్దన్నారు.”

చూపు డాక్టరు చెప్పినదానికంటే ముందే జారిపోయింది. ప్రోగ్రాం మాత్రం పూర్తికాలేదు. సూచిక రాస్తుండగా కరెంటు పోతే మొత్తం పాడైపోయేది. ఆ తప్పెక్కడుందో చూడ్డానికి ఆయనకి అక్షరాలు ఆనడం లేదు. మధ్యాహ్నాలు నేను కోడ్ పైకి చదివేవాణ్ణి. ఆయన కుర్చీలో కళ్ళు మూసుకుని వినేవారు.

“బ్రాకెట్టు తెరిసేవు. మూసేవా?”

“మూసేనండి.”

“లేదు. నీ గొంతింకా లోపలే ఉంది.”

నిజంగానే మూయలేదు.

అలా వింటూ వింటూ ఒకరోజు చెయ్యెత్తి ఆపమన్నారు. “పాత సూచిక మీద రాయొద్దు. పక్కన కొత్తది రాయి. అంతా అయ్యేకే దానికి పాతదాని పేరు పెట్టు. మద్దిలో కరెంటు పోయినా పాతదేనా మిగుల్తాది.”

మార్చాను. సూచిక రాస్తుండగా నేనే స్విచ్ ఆపి మళ్ళీ వేశాను. పాత సూచిక చెక్కుచెదరలేదు. ఒక రైతు పేరు కొట్టగానే లైను పెద్ద అక్షరాల్లో తెర మీదికొచ్చింది. మాస్టారు ముక్కు అద్దానికి తగిలేలా వంగారు.

“వచ్చిందేట్రా?”

“వచ్చింది మాస్టారూ.”

“సదువు.”

ఆ వానాకాలమే సెంటర్ మూతపడింది. తర్వాత కొన్నేళ్ళకి ఆయనా పోయారు. ఆ ప్రోగ్రాం దేశదేశాల్లో వాడుతున్నారని నేను చెబుతుంటాను గానీ, ఆ ఫ్లాపీలు ఒక్కరైనా తెరిచారో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు నా ఉద్యోగమూ ప్రోగ్రాములు రాయడమే. ఇప్పటికీ కోడ్ పైకి చదవనిదే నాకు నమ్మకం కుదరదు. ఆఫీసులో కుర్రాళ్ళు అదేమిటని అడిగితే, రావికమతంలో ఒక సాధువిచ్చిన మంత్రమని చెప్పాను. నమ్మారు. బ్రాకెట్టు దగ్గరకొచ్చేసరికి మాత్రం నా గొంతు ఆగుతుంది. మూశానని ఎవరికో జవాబు చెప్పి, అప్పుడు కింది లైనుకి వెళతాను.