పదో మనిషికి తీసిన తలుపు

ఈ సాయంత్రం, ఇప్పుడు మేముంటున్న బుకిట్ పంజాంగ్‌లోని మా ఫ్లాట్‌లో పాపకు పెరుగన్నం తినిపిస్తుండగా ఫోన్‌లో ఒక వార్త కనబడింది. అమెరికాలో ఎక్కడో యూదుల ప్రార్థనామందిరం దగ్గర కాల్పులు జరిగాయట. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అమ్మా, వై యూ స్టాప్ లా?" అని పాప నోరు తెరుచుకునే ఇక్కడి యాస ఇంగ్లీషులో కసిరింది. నేనెరిగిన ఊరు కాదని చూసుకున్నాక కూడా ఆ వార్తను మళ్ళీ మళ్ళీ చదివాను. పాపను నిద్రపుచ్చి ఇదిగో, ఇలా రాయడానికి కూర్చున్నాను.

నా ఈడువాళ్ళలో చాలామందిలాగే నేనూ చదువుకోసం అమెరికా వెళ్ళి, దొరికిన పనల్లా చేశాను. ఒక చిన్న ఊళ్ళోని పాత యూదుల మందిరంలో, గోడమీద వరసగా ఉన్న రబ్బీల ఫొటోల కింద, అంటే వాళ్ళ మతగురువుల ఫొటోల కింద, వాళ్ళ కథలు రాసిపెట్టడం అందులో ఒకటి. మూటలు మోసుకుంటూ ఊరూరా బట్టలమ్ముకున్నవాళ్ళు ఒక దుకాణం మేడమీద మొదలుపెట్టిన సమాజం అది. మొదటి రబ్బీ పిల్లలకు చదువు చెప్పి, పెళ్ళిళ్ళు చేసి, కోళ్ళను శాస్త్రప్రకారం కోసిపెట్టి బతికారట; తర్వాతాయన తమ పాత భాష వదిలి ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చారని పెద్దలు అలిగారట; ఆపైన ఆడా మగా కలిసి కూర్చోవాలా వద్దా అన్న తగువులో సగంమంది వీధి అవతల ఇంకో మందిరమే కట్టుకున్నారట. "మావాళ్ళు దేవుడితో కన్నా ఒకళ్ళతో ఒకళ్ళు ఎక్కువ మాట్లాడతారమ్మాయ్, అదీ అరుస్తూ" అనేవారు అప్పటి రబ్బీగారి భార్య. ఆవిణ్ణి నేను ఆంటీ అనేదాన్ని. మన తెలుగు సంఘాల సంగతి చెబితే పొట్టపట్టుకుని నవ్వేవారు.

నేను వెళ్ళేనాటికి అక్కడ మిగిలింది ముసలివాళ్ళే. పదిమంది మగవాళ్ళు చేరితేగాని వాళ్ళు కొన్ని ప్రార్థనలు చెయ్యకూడదు. పోయినవాళ్ళకోసం చదివేది అందులో ఒకటి.

ఒక శుక్రవారం మందిరానికి బెదిరింపు ఫోన్ వచ్చింది. పోలీసులు వచ్చి చూసి, మర్నాడు ఎవరూ చేరకపోతే మంచిదన్నారు. సరిగ్గా ఆ మర్నాడే ఒక తాతగారి భార్య తిథి, వాళ్ళ పంచాంగం ప్రకారం. "మీ ఆయన భయపడి ఇంట్లో కూర్చున్నాడని దానికి ఎవరు చెబుతారు, నువ్వా?" అని ఆయన రబ్బీగారి మీద విరుచుకుపడ్డారు. చివరికి రబ్బీగారు లోపల గడియ పెట్టుకుని ప్రార్థన జరుపుదామన్నారు. శనివారం వాళ్ళకు విశ్రాంతి దినం; ఆ రోజు కరెంటు స్విచ్చు గాని ఫోను గాని ముట్టుకోరు. ప్రాణం మీదికొస్తే ముట్టుకోవచ్చని వాళ్ళ ధర్మమే చెబుతుంది. అయినా ఫోను పట్టుకుని తలుపు దగ్గర నేనుంటానన్నాను. 

తీరా రబ్బీగారితో కలిపి తొమ్మిదిమందే చేరారు. తాతగారు పుస్తకం తెరవకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

అప్పుడు మెట్లెక్కి ఒక కొత్త మనిషి రావడం తలుపు పక్క కిటికీలోంచి చూశాను. నల్లకోటు, చేతులు రెండూ జేబుల్లో. తలుపు పక్కనున్న బెల్లు వైపు చూశాడు, నొక్కలేదు. పిడికిలితో తలుపు బాదడం మొదలుపెట్టాడు. మంచివాడైతే బెల్లు కొట్టడా అనుకున్నాను. పోలీసుల నంబరు నొక్కబోయాను. ఇంతలో ఆ మోతకు రబ్బీగారు వచ్చారు. ఆయన మొహంలోనూ నెత్తురు లేదు.

"బెల్లు చూశాడా?" అని గుసగుసగా అడిగారు.

చూసి కూడా నొక్కలేదన్నాను.

"అయితే మనవాడే. అది కరెంటు బెల్లు కదమ్మాయ్, ఇవాళ శనివారం!"

కాకపోతేనో అని అడ్డం నిలబడ్డాను. "కాకపోతే నువ్వు మేడమీదికి పరుగెత్తు" అని నన్ను పక్కకు జరగమని, తానే గడియ తీశారు.

"ఏమయ్యా, ఇక్కడందరికీ చెవుడా? నా చేతులు విరిగిపోయాయి!" అంటూ లోపలికొచ్చాడా మనిషి. పనిమీద వచ్చి ఊళ్ళో బస చేసినవాడట. తాతగారు లేచి నిలబడ్డారు. ఆయన గొంతు సన్నగా మొదలై, మిగతా తొమ్మిది గొంతులూ అందుకుంటుంటే నేను మళ్ళీ గడియ పెట్టాను.

ఇప్పుడు ఆ మందిరం ముందు తుపాకీ పట్టుకున్న కాపలావాడుంటాడని, కొత్తవాళ్ళు ముందుగా పేరు పంపి, రమ్మంటేనే రావాలని ఆంటీ ఆమధ్య ఫోన్లో చెప్పారు. తప్పనలేను. పిల్లతల్లిని, నేనైతే ఇంకో ఇద్దరిని పెట్టమంటాను. కానీ ఏ శనివారమో తొమ్మిదిమందే చేరినప్పుడు, ఊరికి కొత్తగా వచ్చినవాడొకడు ఆ తుపాకీని వీధి చివరినుంచే చూసి వెనక్కి తిరిగిపోతే, చచ్చిపోయిన భార్య పేరు నోట్లోనే ఉంచుకుని లోపల కూర్చున్న మనిషికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.