బల్లపై బైబిలు, లోపల తుపాకీ దరఖాస్తు

మా అక్క భర్త కడపలో సంఘపెద్ద. ఆయనకు లైసెన్సున్న తుపాకీ ఉంది. విశ్వాసి ఇంట తుపాకీ వద్దని అక్క ఏడేళ్లుగా మొరపెట్టుకుంటున్నది. ఈసారి ఆయన రెన్యువల్ దరఖాస్తును బైబిలులో పెట్టుకొనే సింగపూరులో ఉంటున్న నా దగ్గరికి వచ్చాడు.

ఆదివారం ఆరాధన తరువాత పాసిర్ రిస్‌లోని కాఫీ షాపుకు వెళ్లాము. ఇక్కడి ఆచారం ప్రకారం, చోటు పట్టి ఉంచడానికి ఆ బైబిలునే బల్లపై పెట్టించాను. భోజనం కొనే వరుసలో ఇరవై రెండు నిమిషాలు నిలబడ్డాము. బావ పదకొండుసార్లు వెనక్కి చూశాడు.

“ఎవడన్నా ఎత్తుకపోతే ఎట్లప్పా?”

“తుపాకీ తెచ్చుకోకపోతివే బావా!” అన్నాను.

తిరిగి వచ్చేసరికి బైబిలు, దరఖాస్తు రెండూ భద్రంగా ఉన్నాయి.

“కాపలా లేకనే ఉందే!” అని బావ నవ్వాడు. దరఖాస్తును నాలుగు మడతలు వేసి, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టాడు.

“మీ అక్కకు నువ్వే చెప్పు, నాకు సిగ్గు.”

ఒంటిగంట పది నిమిషాలకు అక్కకు ఫోను చేశాను.