పక్కకు పట్టిన ఫ్లాష్

"పక్కకు పట్టవే. జరి మీద కొట్టకు."

"పొద్దుగాల్నుంచి పక్కకే పట్టిన. నొక్కేది నువ్వు, నొక్కు."

నేనూ మా ఆయనా చివరగా మాట్లాడుకున్నది ఇదే. గద్వాలలో మా ఫోటో స్టూడియోలో, మగ్గం మీదినుంచి అప్పుడే దిగిన చీరను గోడకు వేలాడదీసి ఫోటో తీస్తున్నాము. ఆయన నొక్కాడు. ఫోటో బాగా వచ్చింది. చాయ్ తాగి వస్తానని బయటికి వెళ్లి హోటలు బల్ల మీదే ఒరిగిపోయాడు. పోయే ముందు దేవుడి పేరు తలిచాడా అని అందరూ అడిగారు. లేదు, జరి పేరు తలిచాడు అన్నాను. ఇప్పుడూ అదే అంటాను.

ఇది రాస్తున్నది మా అన్న బిడ్డ. నాకు అక్షరాలు కూడబలుక్కునేంతే వచ్చు. ఫ్లాష్ సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన దాన్ని కెమెరా నెత్తిన పెట్టేవాడు కాదు. నా చేతికిచ్చి పక్కన నిలబెట్టేవాడు. అట్లా ఎన్నో ఏళ్లు నిలబడ్డాను.

బటన్ నొక్కితే ముందు ఒక చిన్న మెరుపు పోతుంది. అది ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి వస్తే, కెమెరా తన అద్దం గుండా లోపలికి వచ్చిన వెలుతురును కొలుచుకుని, అసలు మెరుపు ఎంత ఉండాలో ఫ్లాష్‌కు చెబుతుంది. ఆయన దీన్ని టీటీఎల్ అనేవాడు. తెలివైన యంత్రమే, కాదనను. గద్వాల జరి ముందు మాత్రం ఆ తెలివి నిలవదు. ఎదురుగా కొడితే జరి వెలుతురునంతా తిరగ్గొడుతుంది. ఇక్కడ దండిగా ఉందనుకుని కెమెరా మెరుపును తగ్గించేస్తుంది. ఫోటోలో అంచు తళతళమంటుంది, మనిషి నల్లగా మాడిపోతుంది. అందుకే ఫ్లాష్‌ను పక్కకు పట్టాలి, ప్లస్ వైపు ఒక మెట్టు పెంచాలి. ప్లస్ అంటే దవాఖాన గోడ మీద ఉండే గుర్తు. అది చదవడానికి బడికి పోనక్కర్లేదు.

ఆయన పోయిన రెండో నెలలో వనపర్తిలో ఒక లగ్గం ఉంది. ఆయన ఒప్పుకుని పెట్టుకున్నదే. నాగర్‌కర్నూల్‌లో జిరాక్స్ దుకాణం నడిపే మా మరిది వచ్చి కూర్చున్నాడు.

"వదినా, కెమెరా నాకియ్యి. మొగడు పోయినామె లగ్గంల తిరుగుతుంటే మంది ఏమంటరు?"

"మంది వచ్చి ఫోటోలు తీస్తరా?"

"నేను తీస్త. ఈ లగ్గం మంచిగ తీస్తే స్టూడియో నాకిడిసిపెట్టు. నువ్వు ఇంట్ల కూసో."

"మంచిగ రాకుంటే?"

"నొక్కేదానికి ఏమున్నది వదినా? అంత అదే సూసుకుంటది."

"రాకుంటే కెమెరా నాది. మల్ల అడగొద్దు" అన్నాను. సరేనన్నాడు. అతని వెంట నేనూ బస్సెక్కాను.

పెండ్లిపిల్ల గద్వాల చీరే కట్టుకుంది. జానెడు అంచు, కొంగు నిండా జరి. మా మరిది ఫ్లాష్‌ను కెమెరా నెత్తిన తగిలించి ఎదురుగా నిలబడ్డాడు. నేను మండపం దగ్గరికి పోతుంటే పిల్ల మేనత్త అడ్డం వచ్చింది.

"చెల్లె, ఏమనుకోకు. పుస్తె కట్టేదాక జర ఎన్కకుండు."

వెనక్కి వచ్చి కూర్చున్నాను. మరిది నొక్కాడు. పిల్ల మెడ చాపి కెమెరా వెనక తెర మీద బొమ్మ చూసింది.

"అన్నా, చీర కనవడుతుంది. నా మొఖం ఏది?"

వెలుతురు చాలలేదని అతను రెండడుగులు ముందుకు జరిగి నొక్కాడు. మళ్లీ నలుపే. ఇంకా ముందుకు జరిగాడు. కొత్తగా కెమెరా పట్టిన ప్రతివాడూ చేసే తప్పే అది. ఎంత దగ్గరికి పోతే కెమెరా మెరుపును అంత తగ్గిస్తుంది. "దగ్గరికి పోకు" అని వెనకనుంచి రెండుసార్లు చెప్పాను. వినలేదు. అంతలో అయ్యగారు పుస్తె చేతికి తీసుకున్నాడు. ఆ ఘడియ మళ్లీ రాదు.

లేచాను. మేనత్త మళ్లీ చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కా, కెమెరా ఎన్కున్న మనిషి ఏ ఫోటోల పడదు. నువ్వు నన్ను సూడకు, పిల్లను సూడు" అని, ఆ చెయ్యి తీసి పక్కన పెట్టి నడిచాను.

మరిది చేతిలోంచి కెమెరా తీసుకున్నాను. నెత్తిన ఉన్న ఫ్లాష్ ఊడదీసి, ఆ చోట దానికి సిగ్నల్ అందించే డబ్బా బిగించి, ఫ్లాష్ అతని చేతిలో పెట్టాను.

"పక్కకు పట్టు. జరి మీద కొట్టకు."

అతను నా మొహం చూసి పక్కకు పోయాడు. ప్లస్ ఒక మెట్టు పెంచాను. మూడు ముళ్లకూ ఫోటోలు తీశాను. పిల్ల కంట్లో తడి కూడా పడింది, అంచులో పోగు పోగూ పడింది.

భోజనాల దగ్గర ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టిన మేనత్త నా ముందునుంచే దాటిపోయింది. నేను అడగలేదు. తర్వాత ఫోటోల కోసం స్టూడియోకు వచ్చినప్పుడు మాత్రం నా పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ చూసింది.

ఆ రోజు తిరుగు బస్సులో మా మరిది అడిగాడు.

"వదినా, వచ్చే లగ్గానికి గూడ ఫ్లాష్ నేనే పట్టాల్నా?"

"చెయ్యి వణకకుంటే పట్టు."

కెమెరా నా ఒళ్లోనే ఉంది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇగ చాలు బిడ్డా, కలం పక్కన పెట్టు. ఆ పెండ్లిపిల్ల మేనత్తతోని నేనన్న మాట మెత్తగ చేసి రాయలేదు గద? ఏదీ, మొదట ఉన్న మీ మామ మాట కాడినుంచి చదువు, వింట.