బోరు బొమ్మకు నకలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నాకు పెద్దవంగర దగ్గరి ఒక తండా ఉన్నత పాఠశాలకు బదిలీ అయింది. నేను డ్రాయింగ్ మాస్టారిని. స్టాఫ్‌రూంలో మా హోదా పీఈటీ కన్నా ఒక మెట్టు కిందే. వార్షికోత్సవం బ్యానరు రాయాల్సి వస్తే మాత్రం అందరికీ మేమే గుర్తొస్తాం.

మధ్యాహ్న భోజనం వండే మంగ్లీబాయి ఆ వేసవి సెలవుల్లో వంటగది గోడ మీద ఎర్రమట్టితో, సున్నంతో ఒక బొమ్మ వేసింది. ఎండిన బోరు, దాని చుట్టూ ఖాళీ బిందెలతో పదకొండు మంది ఆడవాళ్లు. ఒక్కొక్కరి మొహం బోరుకన్నా పెద్దది. చూసిన రోజే ఆ బొమ్మంటే నాకు ప్రేమ పుట్టింది.

ఆగస్టులో తనిఖీ అన్నారు. మా హెడ్మాస్టారు మంచివారు, కానీ ఆచితూచి అడుగేసే మనిషి. ఎండిన బోరు అధికారుల కంటపడితే జవాబు మనమే చెప్పుకోవాలని, సోమవారం కల్లా గోడకు సున్నం కొట్టించమని ఆర్డర్ బుక్కులో నా పేరున రాశారు. అందులో సంతకం చేస్తే ఉత్తర్వుకు ఒప్పుకున్నట్టే. చేశాను. బొమ్మకు నకలు తీసుకుంటానంటే సరేనన్నారు, బడిలో మాత్రం ఉంచొద్దన్నారు.

శనివారం సుద్ద పూసిన దారంతో గోడ మీద గళ్లు కొట్టి, కాగితం మీద అవే గళ్లు చిన్నవిగా గీసి, గడికి గడి దించాను. సాయంత్రం మంగ్లీబాయికి చూపించాను.

"మొహాలు సక్కగైనయి, బిందెలు గుండ్రంగైనయి. గీ బోరుకాడికి నీళ్లు ఏడికెల్లి వచ్చినయి సారూ?" అంది.

బోరు మూతి దగ్గర మూడు నీటి చుక్కలు. ఎందుకైనా మంచిదని నేనే వేశాను. చెప్పడానికి సిగ్గేసింది. ఈ కాగితం ఎవరి చేతిలోనైనా పడితే నీ వంటపని పోతుందేమో అన్నాను.

"పోతె కూలి కైకిలి పోత. నీళ్లున్నయని నా బొమ్మతోని అబద్ధం చెప్పియ్యకు."

ఆదివారం గోడకు బటర్ పేపర్ ఆనించి, గీత మీద గీత దించాను. ముప్పై ఏళ్లు పిల్లల బొమ్మలు దిద్దిన చెయ్యి కదా, వంకర కనపడగానే సరిచేయబోయేది. పక్కన నిలబడి మంగ్లీబాయి ప్రతిసారీ ఆపింది. కింద తన పేరు రాయించుకుంది.

సోమవారం గోడ తెల్లబడింది. ఆదివారం తీసిన అసలు నకలు మంగ్లీబాయి ట్రంకుపెట్టెలో ఉంది. శనివారం నేను చుక్కలు వేసి దిద్దిన నకలు నా దగ్గర ఉంది. గోడ మీద బొమ్మ చెరిపించింది హెడ్మాస్టారని చాలామందికి చెప్పాను. ఆయనకన్నా రెండు రోజుల ముందే కాగితం మీద చెరిపింది నేను. నకలు తీసేవాడు ముందు తన భయాన్ని పక్కన పెట్టాలని ఉద్యోగం చివర్లో నేర్చుకున్నాను.