చాటింపు వేసిన మరునాడు

కాలేజీలో చేరడానికి వచ్చే పిల్లల్ని నేను అడిగే ప్రశ్నల్లో ఒకటి మా కాలేజీ పుస్తకంలో లేదు. ఇంటర్ పాసయ్యావా, పదిహేడేళ్ళు నిండాయా, టీసీ, మార్కుల పత్రాలు ఒరిజినల్సేనా, హెపటైటిస్ టీకా మూడు డోసులూ అయ్యాయా, డాక్టర్ దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకున్నావా, హాస్టల్లో ఉండగలవా? ఇవన్నీ అడిగాక, "మీ ఊర్లో జాతర ఎప్పుడు?" అంటాను. తిరుపతిలో ఒక నర్సింగ్ కాలేజీ ఆఫీసులో అడ్మిషన్లు చూసే పని నాది. పక్క సీటు గుమాస్తాకు ఈ ప్రశ్న వినగానే నవ్వొస్తుంది. మేడమ్‌కు జాతర పిచ్చి అని అటెండర్‌తో అంటాడు. పిల్లలు కూడా తెల్లబోయి వాళ్ళమ్మ వైపు చూస్తారు. వాళ్ళమ్మ మాత్రం తెల్లబోదు. వేళ్ళు మడిచి తిథులు లెక్కపెట్టి, "ఇంగా పదైదు దినాలుండాది మేడమ్" అంటుంది. అయితే ఈ వారంలోనే చేరిపొమ్మని గట్టిగా చెబుతాను. ఎందుకని ఎవరూ అడగరు. అడిగితే చెప్పేదాన్నో లేదో నాకే తెలియదు.

మాది వడమాలపేట దగ్గర పల్లె. ఏటా గంగమ్మ జాతర చేస్తారు. జాతరకు ముందు ఒక సాయంత్రం పలక డప్పు కొట్టుకుంటూ వీధి వీధీ తిరిగి చాటింపు వేస్తారు. ఆ పలక చప్పుడు విన్న క్షణం నుంచి అమ్మోరిని సాగనంపేదాకా ఊరివాళ్ళెవరూ రాత్రిపూట పొలిమేర అవతల పడుకోకూడదు. పగలు ఎక్కడికైనా వెళ్ళొచ్చు, పొద్దు మునిగేసరికి ఇల్లు చేరాలి. చాటింపు వేసేటప్పటికే బయట ఉన్నవాళ్ళు బయటే ఉండిపోవచ్చు, వాళ్ళకు ఏ దోషమూ లేదు. ఇళ్ళల్లో తాలింపు పెట్టరు. వారం రోజులు చప్పిడి పప్పు తిని తిని మా తమ్ముడు అమ్మోరి మీదే అలిగేవాడు. నాకు మాత్రం ఆ వారమంటే ఇష్టంగా ఉండేది. ఎవరి ఇంట్లో వాళ్ళు ఉండేవాళ్ళు.

ఇంటర్ అయ్యాక జనరల్ నర్సింగ్‌కు అప్లై చేశాను. తిరుపతిలో ఆసుపత్రితో పాటు నడిచే చిన్న స్కూలది. మొదటి లిస్టులో నా పేరు రాలేదు. ఇక రాదనుకున్నాను. మంగళవారం సాయంత్రం మా ఊర్లో చాటింపు వేశారు. బుధవారం పొద్దున స్కూలు నుంచి ఫోను వచ్చింది. రెండో లిస్టులో సీటు వచ్చింది, రేపు సాయంత్రంలోగా పెట్టే పరుపూ తీసుకుని వచ్చి హాస్టల్లో చేరాలి అన్నారు. ఆ ఫోను ఒక్క రోజు ముందు వచ్చివుంటే, పలక మోగేలోపల నేను పొలిమేర దాటి ఉండేదాన్ని. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. అనుకుని ఏం లాభం?

అమ్మ వెంటనే పెట్టె సర్దడం మొదలుపెట్టింది. తెల్ల చీర, తెల్ల బూట్లు స్కూల్లోనే ఇస్తారని తెలిసినా, తెల్ల మేజోళ్ళు కొనిపెట్టింది. నాయన వసారాలో కూర్చున్నాడు. అమ్మోరికి సారె మోసే ఇల్లు మాది. మా తాత మోశాడు, తర్వాత మా నాయన. నా సీటు సంగతి తెలిసి ఊరిపెద్ద ఒకాయన వచ్చి గడప దగ్గరే నిలబడి, "సదువు మంచిదేప్పా, కాదనను. సారె పొయ్యే ఇంటి పిల్లే రాత్రి బయట పడుకుంటే రేపు ఇంగెవురికి సెప్పగలం?" అని వెళ్ళిపోయాడు.

అమ్మకు కోపం వచ్చింది. "బిడ్డ పొయ్యేది సదువుకు, తిరనాళ్ళకు కాదు. పంపియ్యి" అంది.

"పంపనని యాడ సెప్పినా?" అన్నాడు నాయన. "రేపు నేనే తోడుకోని పోతా. స్కూలు మేడమ్‌ను అడగతా. వారం దినాలు పొద్దున పోయి సాయంత్రం వచ్చేస్తాది. ఆమె కూడా మనిషే గదా."

మా నాయన మొండివాడేం కాదు. అది కూడా చెప్పాలి. ఎవరికీ చెడ్డ కాకూడదనుకునే మనిషి. అమ్మోరికీ, ఊరికీ, మేడమ్‌కూ, నాకూ అందరికీ సరిపోయే దారి ఒకటి ఉంటుందని ఆయన నమ్మకం. అలాంటి దారి లేనిచోట ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఆయన మీద నా కోపం ఇదొక్కటే, కానీ ఇది చిన్న కోపం కాదు.

గురువారం వెళ్ళాం. ఒరిజినల్స్ అన్నీ సరిపోయాయి. ఎత్తు, బరువు చూశారు, కళ్ళు పరీక్ష చేశారు, జడ ముడి వేసుకోవడం వచ్చా అని అడిగారు. గోళ్ళు చూసి మేడమ్ మెచ్చుకుంది. నాకు ఆ నిమిషంలోనే నర్సునైపోయినట్టు అనిపించింది. అప్పుడు నాయన చేతులు కట్టుకుని జాతర సంగతి చెప్పాడు.

మేడమ్ ఓపికగానే విన్నది. "మొదటి ఆరు వారాలు ఇంటికి పంపే రూలు లేదండీ. ఒక్కళ్ళకు ఒప్పుకుంటే అందరికీ ఒప్పుకోవాల. అయినా రాత్రిపూట ఇక్కడ ఉండలేని పాప రేపు నైట్ డ్యూటీ ఎట్లా చేస్తాది?" అంది. వెయిటింగ్‌లో ఇంకొక అమ్మాయి ఉందనీ, ఆరు గంటల వరకూ చూస్తాననీ చెప్పింది.

ఆ సాయంత్రం స్కూలు వరండాలో నా పెట్టె మీద నేను, బెంచీ మీద నాయన. ఆయన ఊరిపెద్దకు ఫోను చేశాడు. మళ్ళీ చేశాడు. రెండుసార్లూ అదే మాట. ఫోను పెట్టేసి నా వైపు కాకుండా గేటు వైపు చూస్తూ, "ఏం జేద్దాం పాపా?" అన్నాడు. పద్దెనిమిదేళ్ళ పిల్లను అడిగే ప్రశ్నా అది? ఉండు అంటే ఉంటాను, రా అంటే వస్తాను. రెండిట్లో ఒకటి ఆయన చెప్పాలని ఎదురుచూస్తూ కూర్చున్నాను. అయిదు కావస్తుండగా ఆయన లేచి పెట్టె భుజానికెత్తుకున్నాడు. పుత్తూరు బస్సులో ఇంటికి వచ్చేశాం. పొద్దు మునిగేలోపలే పొలిమేర దాటాం, ఎవరూ వేలెత్తి చూపకుండా.

శుక్రవారం తెల్లవారేసరికి మా వీధి చివర ముసలామె చనిపోయింది. కొన్నాళ్ళుగా మంచంలోనే ఉందామె. మా ఊరి కట్టు ప్రకారం చాటింపు వేశాక ఊర్లో చావు జరిగితే ఆ యేడు జాతర లేదు. పెద్దలు కూర్చుని అదే మాట అన్నారు. కట్టిన వేపాకు తోరణాలు విప్పేశారు. ఎవరు ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడైనా పడుకోవచ్చు. అమ్మ ఏడుపు ఆపుకుంటూ ఆ పూటే తాలింపు పెట్టింది.

"పదమ్మా, పోదాం" అన్నాడు నాయన. చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోకుండా పెట్టె ఎత్తాడు. మేము వెళ్ళేసరికి స్కూలు వరండాలో ఒక అమ్మాయి, వాళ్ళమ్మ ఉన్నారు. ఆ తల్లి కూతురి జడను విప్పి ముడి వేస్తోంది. మేడమ్ బయటికొచ్చి, "నిన్న ఆరింటికే ఫోను చేసేసినామండీ" అంది. ఆమె కూడా బాధపడింది, నేను చూశాను. ఆ అమ్మాయి మీద మాత్రం నాకు ఈ రోజుకీ అసూయ పోలేదు. ఆమె చేసిన తప్పేమీ లేదని తెలిసినా పోలేదు.

మరుసటి యేడు నాయన మళ్ళీ అప్లై చేయించాడు. రాలేదు. డిగ్రీ చేశాను, కంప్యూటర్ నేర్చుకున్నాను, ఈ ఆఫీసులో పనికి కుదిరాను. రోజూ తెల్ల యూనిఫారాల మధ్యే తిరుగుతాను. ఆ వరండా గురించి నాయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ ఎత్తలేదు. జాతర వచ్చినప్పుడల్లా ఆయన సారె మోసేవాడు, నేను సెలవు దొరకలేదని చెప్పేదాన్ని.

మొన్న ఆయన కాలివేలికి పుండు పడింది. షుగర్ మనిషి. తిరుపతిలోనే ఆసుపత్రిలో చేర్చాం. పొద్దున కట్టు మార్చడానికి ఒక నర్సు వచ్చింది. ముప్పై లోపు వయసు, చురుకైన చేతులు. నాయన ఆమె చేతుల వైపే చూస్తూ, ఉన్నట్టుండి, "మా పాప కూడా ఈ పనే జెయ్యాల్సిందమ్మా. సీటొచ్చింది. నేనే ఉండనీలా" అన్నాడు. ఇన్నేళ్ళూ నేను వినాలనుకున్న మాట అది. నేను పక్కనే ఉండగా, ముక్కూ మొహం తెలియని మనిషితో చెప్పాడు.

"ఏం పెద్దాయనా, నైట్ డ్యూటీలని భయపడినారా?" అంది నర్సు.

"కాదమ్మా. ఊర్లో జాతర. చాటింపు ఏసేసినారు."

ఆమె నవ్వింది. "మాకూ అదే అయినాది. మాది పలమనేరు పక్క పల్లె. నేను చేరే దినానికి ముందే చాటింపు ఏసినారు. మా నాయన ఎవురికీ సెప్పకుండా నన్ను బండి మీద కూర్చోబెట్టుకోని పొలిమేర దాటించేసినాడు. ఊరోళ్ళు చానా దినాలు ఆయనతో మాట్లాడలేదు."

 నాయన మెల్లగా, "ఊరికేమన్నా అయినాదామ్మా?" అని అడిగాడు.

"ఏమీ కాలేదు పెద్దాయనా. ఆ యేడు వానలు గూడా బాగా పడినాయి" అంటూ ఆమె పాత కట్టు పారేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏదో ఒకటి అయిందని, ఊర్లో అమ్మోరు పోసిందనో పంట పోయిందనో ఆ అమ్మాయి ఒక అబద్ధం చెప్పివుంటే బాగుండేదని నాకు అనిపించింది. నా కోసం కాదు, మా నాయన కోసం.